పక్క మంచం అతని కాలు, నా కాలు

మొదట్లో నొప్పి పిక్కలో వచ్చేది. దుకాణానికి తాళం వేసి ముత్తుకూరు సెంటరు వైపు నడుస్తుంటే సగం దారిలో కుడి పిక్క పట్టేసేది. తడిగుడ్డను మెలిపెట్టి పిండినట్టుండేది. ఆగితే వదిలేది. నడిస్తే మళ్లీ పట్టేది. రోడ్డు పక్కన ఊరికే నిలబడితే ఎవరో ఒకరు ఏమైందని అడుగుతారు. అందుకని సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నిలబడేవాణ్ని. నిజానికి నాకు ఫోన్ చేసేవాళ్లు తక్కువ.

నేను టైలర్ని. పోర్టు పనులు మొదలైన కొత్తలో సెక్యూరిటీ వాళ్లకు, తర్వాత కరెంటు ప్లాంట్లలో పనిచేసే వాళ్లకు యూనిఫారాలు కుట్టాను. నా భార్య పక్కన కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. మాకు పిల్లలు లేరు. కొన్నాళ్లకు యూనిఫారాలు కుట్టి ఉన్నవే మూటలుగా రావడం మొదలైంది. నాకు ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం మిగిలాయి. ఆ తర్వాత నా భార్య జ్వరంతో వారం కూడా తిరక్కుండా పోయింది. దుకాణం వెనకే రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మిషన్, వెనక నేను.

షుగర్ నాకు నలభై దాటగానే వచ్చింది. ఆమె ఉన్నన్నాళ్లూ మాత్రలు చేతిలో పెట్టేది. ఆమె పోయిన మరుసటి ఏడు గుండెపోటు వచ్చింది. నెల్లూరులో గుండెకు స్టెంటు వేశారు. గుండె కొట్టుకునే బలం కొంత తగ్గిందనీ, ఉప్పు తగ్గించాలనీ, మందులు ఎప్పటికీ మానకూడదనీ చెప్పారు. మందులు వేసుకునేవాణ్ని. పిక్క నొప్పికీ, షుగరుకూ, గుండెకూ సంబంధం ఉంటుందని మాత్రం నాకు తోచలేదు. మిషన్ తొక్కీ తొక్కీ కాలు అరిగిపోయిందనుకున్నాను.

ఆ ఎండాకాలం కొత్త చెప్పులు కొన్నాను. ఒకరోజు పొద్దున గుడ్డపీలికలు ఊడుస్తుంటే సిమెంటు నేల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. మిషన్ దగ్గర నుంచి గుమ్మం దాకా ఉన్నాయి. ఎవరో వక్కాకు ఉమ్మేశారనుకుని తిట్టుకున్నాను. తుడవడానికి వంగినప్పుడు చూశాను, నా కుడి కాలి చిటికెన వేలు పక్కన చర్మం లేచిపోయి ఉంది. చెప్పు కొరికింది. ఎన్నాళ్ల నుంచి కొరుకుతోందో తెలియదు. నొప్పే లేదు.

పసుపు పెట్టాను. తర్వాత మందుల షాపులో ఆయింట్‌మెంట్ తెచ్చి రాశాను. పుండు మానలేదు, పెరగనూ లేదు, అలాగే ఉండిపోయింది. కొన్ని వారాలకు వేలి కొస రంగు మారింది. అప్పుడు మా ఊరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. అక్కడి నర్సమ్మ కట్టు కట్టబోయి ఆగింది. పాదం మీద రెండు వేళ్లు ఆనించి చాలాసేపు అలాగే ఉంది. ఎడమ పాదం మీద కూడా పెట్టి చూసింది.

"అన్నా, ఈ కాల్లో నాడి తగల్లా నాకు," అంది. "కట్టు కడితే మానేది కాదిది. నెల్లూరు పో. రేపు మాపు అనొద్దు."

మా అక్కకు ఫోన్ చేశాను. అక్క కోట దగ్గర పల్లెలో ఉంటుంది. ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పొలం, బర్రెలు, వీటన్నిటి మధ్య ఆమెకు తల ఎత్తే తీరిక ఉండదు. అయినా మర్నాటికి నెల్లూరు ఆసుపత్రి మెట్ల దగ్గర చేతిసంచితో నిలబడి ఉంది. నా కాలు చూసి కూలబడినట్టు బల్ల మీద కూర్చుంది.

"ఏందిరా ఇది, ఇంత నల్లబడిందాకా చూసుకోలేదా నువ్వు?"

"నొప్పి లేదక్కా."

"నొప్పి లేకపోతే కళ్లు గూడా లేవా?"

అక్క సంచిలోంచి ఇడ్లీలు తీసి పెట్టింది.

వార్డులో నా పక్క మంచం మీద వాకాడు అవతల సముద్రపు ఒడ్డు పల్లెకు చెందిన ఒకతను ఉన్నాడు. చేపలు పట్టేవాడు. నాకన్నా పదేళ్లు చిన్న. అతనికీ కాలే, అతనికీ కుడి కాలే. ఇసుకలో నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తుందని, వల లాగలేక ఒడ్డున కూర్చుని మిగతావాళ్లను చూస్తున్నానని చెప్పాడు. చెప్పుకోవడానికి ఒకే జబ్బు ఉన్నవాళ్లం కాబట్టి తొందరగా కలిసిపోయాం. నన్ను 'అన్నా' అని పిలవడం మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించిన సంగతి అతనికే మొదట చెప్పాను. అతను పడీపడీ నవ్వి, తాను అయితే వల చిక్కు తీస్తున్నట్టు కూర్చునేవాణ్నని చెప్పాడు.

రక్తనాళాల డాక్టరు ఇద్దరి దగ్గరికీ ఒకే పూట వచ్చాడు. అతనికి తొడలో పెద్ద నాళం ఒకచోట మూసుకుపోయిందన్నాడు. బీడీల వల్ల. షుగర్ లేదు, గుండె బాగుంది. అక్కడ బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంటు పెడతాం అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీకు తొడలో పరవాలేదు. మోకాలి కిందే ఇబ్బంది. అక్కడ సన్నటి నాళాలు మూడు ఉంటాయి. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్లకు అవే ముందు గట్టిపడతాయి. మీకు మూడూ పోయాయి. ఒక్కటి తెరిచినా పుండుకు రక్తం అందుతుంది. ప్రయత్నిస్తాను."

"ఈయనకు చేసినట్టే చేస్తారా సార్?" అని అడిగింది అక్క.

"పద్ధతి అదేనమ్మా. మనిషి వేరు."

ఆ మాట నాకు అప్పుడు పట్టలేదు. ఇద్దరికీ ఒకే రోజు చేశారు. అతన్ని నేరుగా తీసుకెళ్లారు. నన్ను తీసుకెళ్లే ముందు గుండెకు స్కాన్ తీశారు, కిడ్నీలకు రక్తపరీక్ష చేశారు, నాళాలు తెర మీద కనబడేందుకు ఎక్కించే రంగు మందు కిడ్నీలను దెబ్బతీయకుండా సెలైన్ ఎక్కించారు, అది గుండెకు ఎక్కువ కాకుండా మెల్లగా ఎక్కించారు. తొడ మొదట్లో సూది గుచ్చి సన్నటి తీగ పంపారు. నేను మెలకువగానే ఉన్నాను. తెర మీద నా కాలి నాళాలు కనిపిస్తున్నాయి. ఎండిన చెట్టు కొమ్మల్లా ఉన్నాయి. డాక్టరు చాలాసేపు కష్టపడ్డాడు. ఒకటి తెరుచుకుంది. రెండోది సగంలో ఆగిపోయింది. మూడోదాని జోలికి పోలేదు.

వార్డుకు వచ్చాక అక్క నా పాదం పట్టుకుని, "వెచ్చగుండాదిరా," అంది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం నా భార్య పోయినప్పుడు తప్ప ఎప్పుడూ చూడలేదు. నాకా వెచ్చదనం తెలియలేదు. పాదం మొద్దుబారి ఏళ్లయింది. అక్క చెబితే నమ్మాను.

మర్నాడు పక్క మంచం అతను వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చాడు. "అన్నా, పట్టలా," అన్నాడు. మళ్లీ నడిచాడు. "పట్టలా అన్నా." ఆ మరుసటి రోజు వాళ్ల ఊరి ఆటోలో వెళ్లిపోయాడు. వెళ్తూ నా నంబరు రాసుకున్నాడు. నేను పుండు కోసం ఇంకొన్నాళ్లు ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక చూడడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. కాలు బాగైంది కదా, ఇంకేం. అరటిపళ్లు పెట్టి వెళ్లిపోయారు. నేను తినకూడని అరటిపళ్లు. అక్క వాటిని వీధిలో పిల్లలకు పంచింది. కొన్నాళ్లు ఉండి, రాగిజావ ఎలా కాచుకోవాలో, కూరలో ఉప్పు లేని లోటు నిమ్మకాయతో ఎలా సర్దుకోవాలో నేర్పింది. ఊరి నుంచి బర్రె ఈనిందని ఫోన్ వచ్చిన రోజు బయలుదేరింది. బస్సెక్కుతూ, "నాతో వచ్చేయరాదా?" అంది. నాకు రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ఆ పల్లెలో అది కుదరదు. ఇద్దరికీ తెలుసు. బస్సు వెళ్లిపోయాక నేను పాదం ముందుభాగం నేలకు ఆనకుండా నర్సమ్మ ఇచ్చిన మడమ చెప్పు మీద ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

అసలు ఒంటరితనం అప్పుడు మొదలైంది. భార్య లేని ఇల్లు నాకు అలవాటైపోయింది. ఇది వేరే. నా ఒంట్లో మూడు జబ్బులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటుంటే మధ్యలో నేనొక్కణ్ని ఉన్నాను.

కాలి డాక్టరు నడవమన్నాడు. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడిస్తే పక్కదారుల్లో కొత్త నాళాలు బలపడతాయన్నాడు. షుగర్ డాక్టరు పుండు మానేదాకా పాదం ముందుభాగం నేలకు ఆనకూడదన్నాడు. గుండె డాక్టరమ్మ ఆయాసం వస్తే ఎక్కడున్నానో అక్కడే ఆగిపోవాలంది. ముగ్గురూ మంచివాళ్లే. ఎవరికి వారు చెప్పింది నిజమే. కానీ ముగ్గురూ మూడు గదుల్లో కూర్చుని చెప్పారు. నేను మాత్రం ఆ మూడు మాటలకూ ఒకే కాలితో ఇంటికి వచ్చాను.

నడిస్తే పుండు చెమ్మగిల్లేది. కూర్చుంటే పాదం వాచేది. వాపు తగ్గాలని దిండు మీద కాలు ఎత్తి పెడితే వేళ్లు చల్లబడి పాలిపోయేవి. కిందికి దించితే రంగు తిరిగేది గాని వాపు పెరిగేది. మధ్యాహ్నాలు మంచం మీద కూర్చుని కాలు ఎత్తడం, దించడం, ఇదే పనిగా ఉండేది. ముందు గదిలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంచాను. లారీలు పోర్టుకు పోతుంటే షట్టరు అదిరేది. ఎవరో తట్టారనుకుని లేవబోయి, మళ్లీ కూర్చునేవాణ్ని.

అలాంటి ఒక సాయంత్రం పక్క మంచం అతను ఫోన్ చేశాడు. వెనక నుంచి గాలి హోరు వినిపిస్తోంది.

"అన్నా, నిన్న సముద్రం మీదికి పోయినాను. ఇసకలో వల లాగినాను. పిక్క పట్టలా. నువ్వెట్టుండావు?"

"బాగుండాను."

"నడస్తాండావా?"

"ఆ, నడస్తాండా."

"నీది గూడా అప్పుడే చేసినారు గదా. ఒక పని జెయ్, మా ఊరికి రా. పడవలో తిప్పతా."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. అతని మీద నాకు కోపం లేదు. ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకే డాక్టరు చేతి కింద పడుకున్నాం. అతను సముద్రం మీద ఉన్నాడు. నేను బాత్రూం దాకా గోడ పట్టుకుని వెళ్తున్నాను. మనిషి వేరు అని డాక్టరు అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది. తర్వాత రెండు మూడు సార్లు అతను చేసినప్పుడు ఎత్తలేదు.

ఆ నెల నా ఊపిరి బరువెక్కింది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆనుకుని కునుకు తీసేవాణ్ని. రెండు కాళ్లూ వాచాయి. పుండు లోంచి నీరు కారింది. కాలు మళ్లీ మూసుకుపోయిందని భయపడి నెల్లూరు వెళ్తే, కాలి డాక్టరు నన్ను చూసి, "ఇది ముందు గుండె పని," అని పై అంతస్తుకు పంపాడు. గుండె డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. ఒంట్లో నీరు చేరిందని చెప్పింది. గుండె సరిగా తోడకపోతే నీరు కాళ్లలోకి దిగుతుందనీ, వాచిన కాల్లో పుండు మానదనీ వివరించింది. నేను అంతదాకా లోపల దాచుకున్నది ఆమె ముందు బయటపడింది.

"అమ్మా, ఒకరు నడవమంటారు, ఒకరు వద్దంటారు. నేను ఎవరి మాట వినేది?"

ఆమె నన్ను చూసింది. తర్వాత నా ముందే ఫోన్ తీసి కింద ఉన్న కాలి డాక్టరుతో మాట్లాడింది. మాటల మధ్య షుగర్ సంగతి వస్తే ఆ డాక్టరును కూడా కలిపింది. నాకు సగం అర్థం కాలేదు. కానీ నా గురించి ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని, ఎందుకో తెలియకుండా చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాను.

ముందు నీరు తీసే మందు. ఆయాసం తగ్గాక, నల్లబడిన వేలు తీసేయడం. పుండు మానేదాకా నడక వద్దు, కూర్చుని చేతులతో, ఎడమ కాలితో చేసే వ్యాయామం చాలు. మానాక కొద్దికొద్దిగా నడక. ఇన్సులిన్ మోతాదు పెంచారు. ఆ వరసలోనే అన్నీ జరిగాయి. వేలు తీసిన రోజు అక్క వచ్చింది. నేను ఏడవలేదు. ఆ వేలు నాకు ఎప్పుడో తెలియకుండా పోయింది. కాగితం మీద సంతకం పెట్టినప్పుడు మాత్రం పెన్ను కాస్త ఆగింది.

మళ్లీ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు ఒక ఆదివారం షట్టరు నిజంగానే ఎవరో తట్టారు. తీస్తే పక్క మంచం అతను. చేతిలో ఎండు నెత్తళ్ల చేపల సంచి.

"ఫోన్ ఎత్తలా నువ్వు. ఏమన్నా అయిందేమోనని వచ్చినా."

లోపలికి వచ్చి మంచం మీద కూర్చోబోయి నా పాదం చూశాడు. కట్టు ఒకపక్క చదునుగా ఉంది. అతని ముఖంలో నవ్వు పోయింది.

"అన్నా, వేలు..."

"తీసేసినారు."

"మనకు ఒకటే గదా చేసింది."

"ఒకటే చేసినారు. నాకు షుగరుంది, గుండె జబ్బుంది. నీకు లేవు."

అతను సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను టీ పెట్టాను, నాకు చక్కెర లేకుండా, అతనికి వేసి. ఎండు నెత్తళ్లు ఉప్పువి, తినకూడదని చెప్పలేక తీసుకుని గూట్లో పెట్టాను. అతను గ్లాసు అందుకున్నప్పుడు చొక్కా నుంచి బీడీ వాసన వచ్చింది. నేను కనిపెట్టానని అతనికి తెలిసిపోయింది.

"రోజుకు రెండో మూడో అన్నా. పడవ మీద చలికి."

నా గ్లాసు కింద పెట్టేశాను. కోపమో, అసూయో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

"అబ్బయ్యా, నీకు పారేయడానికి ఒకటుంది. బీడీ. పారేస్తే పోతుంది. నాకు పారేయడానికి ఏమీ లేదు. షుగరును యాడ పారేసేది? గుండెను యాడ పారేసేది?"

అతను టీ తాగేసి గ్లాసు కడిగి బోర్లించాడు. వెళ్లేముందు నా పాదం దగ్గర వంగి, కట్టు మీద అరచెయ్యి ఆనించాడు.

"వెచ్చంగుండాది," అన్నాడు.

"తెలవదు నాకు."

"ఉండాదిలే. చెప్తాండా గదా."

అతను వెళ్లాక ఇంట్లో బీడీ వాసన కాసేపు ఉంది. కిటికీ తీయబుద్ధి కాలేదు.

చలికాలం గడిచేసరికి పుండు మూసుకుంది. నర్సమ్మ చివరి కట్టు విప్పి లేత చర్మం మీద వేలితో చూపించి, "ఇంక రావాల్సిన పనిలేదన్నా," అంది. సంతోషించాల్సిన మాటే. కానీ ఇన్ని నెలలుగా రోజు విడిచి రోజు నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే. ఇంటికి వస్తూ, రేపటి నుంచి ఎక్కడికి పోవాలా అనుకున్నాను. మిషన్‌కు మోటారు పెట్టించాను. కాలు తొక్కే పని లేదు, ఎడమ పాదంతో మీట నొక్కితే చాలు. తొక్కుడు చప్పుడు లేని మిషన్ దగ్గర కూర్చుంటే మొదట్లో ఎవరి దుకాణమో అనిపించేది.

రోజూ సాయంత్రం అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. నా కాళ్ల సంగతి నాకు కళ్లు చెప్పాలి, వేరే దారి లేదు. ఈమధ్య తీసిన స్కానులో తెరిచిన నాళం మళ్లీ కొంచెం సన్నబడుతోందన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు అలా అవుతుందనీ, పుండు లేదు కాబట్టి ఇప్పుడే ఏమీ చేయమనీ, మందులూ నడకా మానొద్దనీ చెప్పారు. అవసరమైతే మళ్లీ చేద్దామన్నారు. అక్కకు ఈ సంగతి చెప్పలేదు. అతను అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఎత్తుతున్నాను. చేపలు పడ్డాయా లేదా, గాలి ఎటుంది, ఇవే మాట్లాడుకుంటాం. బీడీ సంగతి నేను అడగను, అతను చెప్పడు.

పొద్దున ఎండ రాకముందే కృష్ణపట్నం రోడ్డు మీద నడుస్తాను. కొంత దూరం పోయాక పిక్క పట్టుకుంటుంది. కొన్నిసార్లు పిక్క కంటే ముందు ఊపిరి పట్టుకుంటుంది. ఏది ముందు పట్టినా ఆగిపోతాను. పంటకాలువ తూము మీద గట్టు ఉంది, అక్కడ కూర్చుంటాను. మొన్న ఒక లారీ నా పక్కన ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పెద్దాయనా, ఎక్కతావా? యాడికి పోవాల?"

"యాడికీ లేదయ్యా. నడవాల నేను."

అతను ఒక క్షణం నా వైపు చూసి, సరేనన్నట్టు తల ఊపి గేరు వేశాడు. లారీ పోయాక దుమ్ము మెల్లగా వరిమళ్ల మీదికి సర్దుకుంది. పిక్క ఇంకా వదల్లేదు. వదిలేదాకా కూర్చుని, తర్వాత లేచాను.